బాస్కెట్‌బాల్ వదిలి ఆస్ట్రేలియా ఫుటీ ఆడతానంటున్నాడు మేనల్లుడు, వాడికి ఏం చెప్పాలి?

గుంటూరు_మావయ్య:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది గుంటూరు, బ్రాడీపేట. మా అక్కావాళ్లు పదేళ్ల నుంచి మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు, టార్నీట్ అనే చోట, అక్కడ సందుకో తెలుగు కుటుంబం ఉంటుందట. మా మేనల్లుడికి పోయిన నెల పదహారు నిండాయి. ఎత్తు 196 సెంటీమీటర్లు. మా ఇంట్లో గానీ బావ వైపు గానీ ఆరడుగులు దాటినవాళ్లు లేరు, వీడిది ఎవరి పోలికో దేవుడికే తెలియాలి.

వాడి చేతికి మొదటిసారి బాస్కెట్‌బాల్ ఇచ్చింది నేను. ఆరేళ్లప్పుడు, వాళ్లు వెళ్లిపోవడానికి ముందు వేసవిలో, ఎన్టీఆర్ స్టేడియం కోర్టులో. బంతి వాడి పొట్టకంటే పెద్దగా ఉండేది. ఆ తర్వాత సెలవులకి ఎప్పుడొచ్చినా పొద్దున్నే ఐదున్నరకి లేచి ఇద్దరం కోర్టుకి పోయేవాళ్లం, తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర ఇడ్లీ. నేను యూనివర్సిటీ జట్టు దాకా ఆడి ఆగిపోయాను, ఉద్యోగం, పెళ్లి, మోకాలు, మామూలే. వీడైనా ముందుకు పోతాడనుకున్నా. అక్కడ క్లబ్బు తరఫున శుక్రవారం రాత్రులు లీగ్ మ్యాచ్‌లు ఆడుతున్నాడు, బాగానే ఆడుతున్నాడు.

ఇప్పుడు అసలు విషయం. వాడి స్నేహితుడి నాన్న ఒక లోకల్ ఫుటీ క్లబ్బులో అండర్ 18 కోచ్. వీడు రీబౌండ్‌కి ఎగరడం చూసి, "మా జట్టులో రక్, అంటే బంతి కోసం ఎగిరే పొడుగోడు, లేడు, నువ్వు రా, ఆట రాకపోయినా ఫర్వాలేదు, డెవలపింగ్ ప్లేయర్‌గా తీసుకుంటాం" అన్నాడట. రెండుసార్లు ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాడు, అంతే, బాస్కెట్‌బాల్ ట్రయల్స్‌కి వెళ్లనంటున్నాడు. అక్క యూట్యూబ్‌లో దెబ్బల వీడియోలు వరసపెట్టి చూసి ఏడుస్తోంది, హెల్మెట్ పెట్టుకుంటే చూద్దాం అంటోంది. బావకి పన్నెండో తరగతి మార్కుల టెన్షన్. ఇద్దరూ కలిసి, "నీ మాటైతే వింటాడు, ఆదివారం ఫోన్ చేసి మాన్పించు" అని నా మీద పడేశారు.

నేను కూర్చుని ఒక మ్యాచ్ మొత్తం చూశా. నిజం చెప్తున్నా, ఒక్క ముక్క అర్థం కాలేదు. కోడిగుడ్డు లాంటి బంతి, గుంపుగా మనుషులు, గోల్ తప్పిపోయినా పాయింటు ఇస్తున్నారు. పదేళ్లు నేర్చుకున్నది ఇందులో ఏమైనా పనికొస్తుందా? డెవలపింగ్ ప్లేయర్ అంటే బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ల సీసాలు మోయించడమా? తెలిసినవాళ్లు చెప్పండి.


తెనాలి_టు_టార్నీట్:

అన్నా, నేను ఉండేది మీ అక్కావాళ్ల పక్కనే. మా అమ్మాయి ఆరేళ్లకి ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లలకి ఫుటీ నేర్పే చోట, మొదలుపెట్టి ఇప్పుడు అండర్ 12 ఆడుతోంది, కాబట్టి తండ్రిగా ఐదారేళ్లు బురదలో నిలబడ్డ అనుభవం నాకుంది. గోల్ తప్పినా పాయింటేంటని మా ఆవిడ కూడా మొదట్లో ఒకటే నవ్వు.

గోల్ దగ్గర నాలుగు స్తంభాలు ఉంటాయి. మధ్య రెండు పొడుగైనవి, వాటి మధ్య నుంచి కాలితో తన్నింది వెళితే ఆరు పాయింట్లు. పొడుగు స్తంభానికీ దాని పక్క స్తంభానికీ మధ్య నుంచి వెళితే బిహైండ్, ఒక పాయింటు. జట్టుకి 18 మంది. మైదానం క్రికెట్ గ్రౌండే, ఈ ఊళ్లో ఉన్నంత ఇంకో ఊళ్లో ఉండదు, పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఆఫ్‌సైడ్ లేదు. బంతిని విసరకూడదు, ఇది ముఖ్యం, మీవాడు మొదటి నెల అంతా ఇక్కడే దొరికిపోతాడు. ఒక చేతిలో బంతి పెట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది పంపాలి, దాన్ని హ్యాండ్‌బాల్ అంటారు. లేదా తన్నాలి. బంతితో పరిగెత్తితే 15 మీటర్లకోసారి నేలకి కొట్టి అందుకోవాలి, లేదా వంగి నేలకి తాకించాలి. గుండ్రటి బంతిని కళ్లు మూసుకుని డ్రిబ్లింగ్ చేసేవాడికి ఇదేముంది అనిపిస్తుంది గానీ, కోడిగుడ్డు బంతి కొస ఏ వైపు తగిలితే ఆ వైపు పోతుంది. మా వీధిలో కుర్రాళ్లు రోడ్డు మీద కొడుతూ కొడుతూ నా కారు అద్దం దాకా తెచ్చారు.

డెవలపింగ్ ప్లేయర్ అంటే మీరు భయపడుతున్నట్టు నీళ్లు మోయడం కాదు. ఒంటి కొలతలు, ఆట చురుకు ఉన్నాయి, ఈ ఆటలో నైపుణ్యం లేదు, ఏడాది రెండేళ్లు ఓపిక పడతాం అని అర్థం. లోకల్ క్లబ్బులో ఇది ఎవరూ కాగితం మీద రాసివ్వరు, ఆదివారం మ్యాచ్‌లో ఒక క్వార్టర్ ఆడిస్తారు, తప్పు చేస్తే అరుస్తారు, మళ్లీ దింపుతారు. పెద్ద క్లబ్బుల్లోనూ ఇదే పద్ధతి. మేసన్ కాక్స్ అని ఒకాయన ఉన్నాడు, అమెరికాలో ఓక్లహోమా స్టేట్ కాలేజీ తరఫున బాస్కెట్‌బాల్ ఆడాడు, 211 సెంటీమీటర్లు. 2014లో ఇక్కడి పెద్ద లీగ్‌లోని కాలింగ్‌వుడ్ క్లబ్బు తెచ్చుకునేనాటికి ఈ బంతి ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు. పై జట్టులో మొదటి మ్యాచ్ 2016 ఆన్‌జాక్ డే నాడు, అంటే ఇక్కడి సైనికుల స్మారక దినం నాడు, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో. అంటే రెండేళ్లు కింది జట్టులోనే అరగదీశాడు. ఆ మ్యాచ్‌లో మొదటి కిక్కే గోల్. 2023లో ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచిన జట్టులో ఉన్నాడు.

అందరూ కాక్స్‌లు కారు, అది కూడా చెప్పాలి. ఏఎఫ్‌ఎల్‌లో, అంటే ఇక్కడి పెద్ద ఫుటీ లీగ్‌లో, 18 క్లబ్బులున్నాయి, ఏటా డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునేటప్పుడు, తీసుకునేది దేశం మొత్తం మీద వందమందిని కూడా కాదు. కాకపోతే క్లబ్బులు నడిపే నెక్స్ట్ జనరేషన్ అకాడమీలని ఉన్నాయి, మనలాంటి ఆసియా కుటుంబాల పిల్లల్ని వెతికి మరీ నేర్పిస్తాయి. మన శివార్లు ఏ క్లబ్బు ఇలాకాలోకి వస్తాయో కనుక్కోవాలి. వాడు ఒక సీజన్ ఆడాక అడిగి చూడొచ్చు, ఇప్పుడే కాదు.

బావగారికి చెప్పండి, అండర్ 18కి వారానికి రెండు సాయంత్రాలు ట్రైనింగ్, ఒక మ్యాచ్. ఇప్పుడు బాస్కెట్‌బాల్‌కి పోతున్న టైమే ఇంచుమించు.


కబడ్డీ_మంగళగిరి:

భుజాలకి కింద, మోకాళ్లకి పైన పట్టుకుని పడెయ్యొచ్చంట కదా ఈ ఆటలో. అది చదివాక నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది. అన్నా, సెలవులకి వస్తే నెల రోజులు మా మ్యాట్ మీదకి పంపండి, పట్టు ఎలా వేయాలో, పడితే ఎలా పడాలో నేర్పించి పంపుతాం. బాస్కెట్‌బాల్ వాళ్లకి ఒంటిమీద చెయ్యి పడితే వెంటనే అంపైర్ వైపు చూసే అలవాటు ఉంటది, ముందు అది పోవాలి.


బెజవాడ_బోర్డు_దెబ్బ:

నేను విజయవాడలో ఇరవై ఏళ్లుగా పిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నా. మావయ్యగారూ, మీ పోస్టు మొత్తం చదివాక ఒకటి అనిపించింది, తప్పుగా అనుకోవద్దు, చివర్లో చెప్తా.

ముందు పనికొచ్చే సంగతులు. రక్ అంటే మన జంప్ బాల్. మన ఆటలో మ్యాచ్ మొదట్లో ఒక్కసారి ఇద్దరు ఎగురుతారు, ఆ తర్వాత ఎవరి వంతో చూపే బాణం గుర్తు చూసి బంతి ఇచ్చేస్తారు. వాళ్ల ఆటలో గోల్ పడ్డ ప్రతిసారీ మధ్యలో ఇద్దరు పొడుగోళ్లు ఎగిరి బంతిని తమవాడి చేతిలోకి తట్టాలి, మధ్యలో బంతి ఇరుక్కుపోయినా, కొన్నిసార్లు హద్దు దాటినా మళ్లీ అదే. అంటే మీవాడికి ఒక మ్యాచ్‌లో డజన్ల కొద్దీ జంప్ బాళ్లు. తట్టడం ఒక్కటే కాదు, ఎటు తట్టాలో ఎగరకముందే చూసుకోవాలి. మన పిల్లలు రీబౌండ్ దగ్గర చేసేది అదే కదా, బంతి రింగుకి తగలకముందే ఎటు పడుతుందో లెక్కేసి, తుంటి అడ్డం పెట్టి చోటు సంపాదించి, అప్పుడు లేస్తారు. బాక్సవుట్ వచ్చినవాడికి రక్ సగం వచ్చినట్టే. ఇంకోటి, పదిహేను మీటర్లు దాటి వచ్చిన కిక్‌ని గాల్లో పట్టుకుంటే మార్క్ అంటారు, ఆట ఆగి వాడికి ఫ్రీగా తన్నే అవకాశం వస్తుంది. బంతిని చేతులు చాచి ఎత్తున పట్టుకోవడం, ఇదీ మనదే.

ఇరుకులో చూపు సంగతి వేరే చెప్పాలి. స్కాట్ పెండిల్‌బరీ అని కాలింగ్‌వుడ్‌లో నాలుగువందలకు పైగా మ్యాచ్‌లు ఆడినవాడు, కుర్రతనంలో బాస్కెట్‌బాలే. ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ వచ్చింది, వదులుకుని ఫుటీకి వెళ్లాడు. ఆ ఖాళీ అయిన సీటు ఎవరికి వెళ్లిందో తెలుసా, ప్యాటీ మిల్స్‌కి, తర్వాత 2014లో శాన్ ఆంటోనియోతో ఎన్‌బీఏ చాంపియన్ అయ్యాడే, ఆయనకి. పెండిల్‌బరీ చుట్టూ నలుగురున్నా తొందరపడడు, ఆగినట్టు ఆగి సందు చూసి వదులుతాడు, వీడియో చూడండి, మన ఆటలో బంతి ఆడించే పాయింట్ గార్డ్ కనపడతాడు. డీన్ బ్రోగన్ అయితే రెండు ఆటల్లోనూ టైటిల్ కొట్టాడు, 1998లో అడిలైడ్ 36ఎర్స్‌తో బాస్కెట్‌బాల్, 2004లో పోర్ట్ అడిలైడ్‌తో ఫుటీ, రక్‌గానే.

పనికిరానివి కూడా ఉన్నాయి. కాళ్లు. మనవాడి కాలు ఇన్నేళ్లూ పరిగెత్తడానికి, ఎగరడానికే పనికొచ్చింది, తన్నడం తెలీదు. డ్రాప్ పంట్ అని బంతిని నిలువుగా పట్టుకుని పాదం మీదకి వదిలితే అది వెనక్కి తిరుగుతూ తిన్నగా పోవాలి. కష్టమంతా తన్నడంలో లేదు, చేతిలోంచి వదలడంలో ఉంది. గోడకి రోజూ వంద. మన ఫ్రీ త్రో లెక్కే, విసుగు పుట్టే పని, వేరే దారి లేదు. ఇంకా పరుగు. మన కోర్టు 28 మీటర్లు. అక్కడ ఆ మూల నుంచి ఈ మూలకి పోయేసరికి ఆట మళ్లీ ఆ మూలకి పోతుంది. మొదటి రెండు నెలలు వాడికి ఊపిరి చాలదు, అప్పుడే చాలామంది మానేస్తారు.

196 అన్నారు. పై స్థాయిలో రక్‌లు ఎక్కువమంది రెండు మీటర్లు, ఆ పైనే. మీవాడు ఇంకా పెరిగితే సరే, లేకపోతే ముందు వరసలోనో వెనక వరసలోనో పొడుగాటివాడిగా ఆడతాడు. అదీ మంచి చోటే. ఒకటి గమనించండి, బాస్కెట్‌బాల్‌లో పెద్ద స్థాయికి పోతే 196 మామూలు ఎత్తు, అప్పుడు వీడు గార్డులా బంతి ఆడించగలగాలి. మీవాడు ఇప్పటిదాకా రింగు కిందే ఆడుంటాడు, అవునా?

ఇక చివర్లో చెప్తానన్నది. మీ ప్రశ్నలో వాడికి తగిలే దెబ్బల గురించి ఒక్క లైను ఉంది, మీరు, ఇడ్లీ బండి, ఐదున్నర గంటల కోర్టు గురించి పేరా ఉంది. నా దగ్గర నుంచి కూడా పిల్లలు వెళ్లారు, వాలీబాల్‌కి ఒకడు, కోచింగ్ సెంటర్లకి పాతికమంది. వెళ్లిన ప్రతిసారీ ఇంత నేర్పిస్తే పోతున్నారే అని కడుపు మండింది. కోచింగ్ సెంటరుకి పోయినవాళ్ల మీద ఇంకా మండుతూనే ఉంది గానీ, ఇంకో ఆటకి పోయినవాడి మీద ఎందుకు మండాలో నాకే అర్థం కాలేదు.


గుంటూరు_మావయ్య:

కోచ్‌గారూ, మీరు చెప్పింది కొంచెం గుచ్చుకుంది, అబద్ధం చెప్పను. అవును, రింగు కిందే ఆడతాడు. అక్కడి కోచ్ కూడా వాడికి బంతి ఆడించనివ్వట్లేదని ఏడాది నుంచి గొణుగుతున్నాడు, నేను పట్టించుకోలేదు. దెబ్బల సంగతి ఎవరైనా చెప్పండి. నా కుడి మోకాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు మాట్లాడుతుంది, అందుకే నాకు అదే భయం.


పటమట_ఫిజియో:

దెబ్బలు తగలవని ఎవరైనా అంటే నమ్మకండి. ఇది ఢీకొట్టుకునే ఆట. కానీ బాస్కెట్‌బాల్‌లో తగలవా? నా దగ్గరికి మడమలు బెణికి, మోకాలి లిగమెంట్ తెగి వచ్చేవాళ్లలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు తక్కువేం కాదు, ఎగిరి దిగేటప్పుడే రెండూ. తేడా ఏంటంటే, మన ఆటలో చెక్క కోర్టు మీద మన బరువుతో మనం దిగుతాం, ఫుటీలో గాల్లో ఉన్నప్పుడు ఇంకొకడు తగిలి ఎలా దిగుతామో మన చేతిలో ఉండదు.

రక్‌లకి ప్రత్యేకంగా ఒక గాయం ఉండేది. ఇద్దరూ దూరం నుంచి పరిగెత్తుకొచ్చి మధ్యలో ఎగిరేవాళ్లు, ఒకడి మోకాలు ఇంకొకడి మోకాలి చిప్ప కింద గుద్దుకుని, లోపల వెనకవైపు లిగమెంట్, పీసీఎల్ అంటాం, అది తెగేది. అవి ఎక్కువైపోతే 2005లో మధ్యలో పది మీటర్ల వలయం గీసి, రక్‌లు అందులోంచే పరుగు మొదలుపెట్టాలని నియమం పెట్టారు. పరుగు తగ్గింది, ఆ గాయాలూ తగ్గాయి. నియమాలు మార్చి సరిదిద్దుకునే ఆట అని చెప్పడానికి ఇది రాస్తున్నా.

తల గురించి మాత్రం గట్టిగా ఉండండి. హెల్మెట్ కొనిస్తా అంటున్న అక్కగారికి చెప్పండి, మెత్తటి హెల్మెట్ చర్మం చీలకుండా కాపాడుతుందేమో గానీ కంకషన్‌ని, అంటే దెబ్బకి మెదడు అదిరిపోవడాన్ని, ఆపుతుందని రుజువు లేదు. హెల్మెట్ ఉంది కదా అని పిల్లలు తల ముందుకి పెట్టి దూకడం ఇంకా ప్రమాదం. ఆస్ట్రేలియాలో పిల్లలకి, లోకల్ క్లబ్బుల వాళ్లకి ఇప్పుడున్న మార్గదర్శకాల ప్రకారం కంకషన్ అయితే లక్షణాలు పూర్తిగా పోయాక 14 రోజులు గడిస్తేనే ఢీకొట్టే ప్రాక్టీసు, మొత్తం మీద కనీసం 21 రోజులు గడిస్తేనే మ్యాచ్. అక్క ఆ క్లబ్బుకి వెళ్లి, "మీ దగ్గర ఇది ఎవరు చూస్తారు, పేరు చెప్పండి" అని అడగాలి. నీళ్లు నమిలితే వేరే క్లబ్బు చూసుకోవడం. వాడికేమో, తలకి తగిలితే దాచకూడదు అని మీరు చెప్పాలి, అమ్మ చెబితే దాస్తాడు, మావయ్య చెబితే వింటాడు.

కొత్తగా వచ్చినవాడికి మొదటి ఆరు వారాలు తొడ ముందు కండరం, గజ్జలు పట్టేస్తాయి, తన్నడం అలవాటు లేక. మొదటి రోజే వంద తన్నించొద్దు కోచ్‌గారూ, ముప్పైతో మొదలుపెట్టి పెంచాలి.


బెజవాడ_బోర్డు_దెబ్బ:

ఒప్పుకుంటున్నా. ముప్పై.


లెక్కల_మాస్టారు_లక్ష్మీపురం:

అందరూ ఎగదోస్తున్నారు, నేను ఎదురు చెప్తా. బాస్కెట్‌బాల్ ప్రపంచంలో ఏ ఊరెళ్లినా ఆడతారు. ఈ ఆట ఆస్ట్రేలియా దాటితే ఎవరికీ పట్టదు. పదేళ్ల మంచి పునాది వదిలి పదహారేళ్లకి ఆ నుంచి అక్షరాలు దిద్దడం తెలివైన పనేనా? పైగా పన్నెండో తరగతి ముందు.


తెనాలి_టు_టార్నీట్:

మాస్టారూ, ఇండియా జట్టు 2008లోనే మెల్‌బోర్న్ వచ్చి ఈ ఆటలో ఇంటర్నేషనల్ కప్ ఆడింది, కాబట్టి మరీ ఎవరికీ పట్టదు అనకండి. అది పక్కన పెడితే, వాడు ఉండేది మెల్‌బోర్న్‌లో. 18 క్లబ్బుల్లో పది విక్టోరియాలోనే ఉన్నాయి. సోమవారం స్కూలుకి పోతే అందరూ మాట్లాడేది అదే, మా అమ్మాయికి క్లాసులో మాట కలిసింది ఈ ఆట వల్లే. మా ఇంట్లో కూడా మొదట క్రికెట్ చాలదా అన్నారు.

ఒక చిన్న మెలిక మాత్రం చెప్పాలి. కాక్స్ లాగా వేరే ఆట నుంచి నేరుగా ఏఎఫ్‌ఎల్ క్లబ్బులోకి వెళ్లే దారి ఒకటుంది, కేటగిరీ బీ రూకీ అంటారు, దానికి మూడేళ్లుగా ఫుటీలో ఎక్కడా రిజిస్టర్ కాకుండా ఉండాలి. లోకల్ క్లబ్బులో పేరు రాయిస్తే ఆ దారి మూసుకుంటుంది. ఇది చదివి ఎవరైనా, "అయితే వాడు బాస్కెట్‌బాలే ఆడుతూ పిలుపు కోసం కూర్చోవాలి" అంటారేమో, వద్దు. 211 సెంటీమీటర్ల వాళ్ల లెక్కలు అవి. పదహారేళ్లవాడు ఆడుకుంటూ నేర్చుకోవాల్సిందే.


గుంటూరు_మావయ్య:

ఆదివారం ఫోన్ అయింది. ఏమైందని అడుగుతారు కాబట్టి రాస్తున్నా.

నేను ఫిజియోగారు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చున్నా. వాడు ఎత్తగానే, "మావయ్యా, నువ్వు తిడతావని తెలుసు, అమ్మ చెప్పింది" అన్నాడు. తిట్టను, ఏం నచ్చింది చెప్పు అన్నా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు, బాస్కెట్‌బాల్‌లో రెండేళ్లుగా తను చేసేది రింగు కింద నిలబడి చేతులెత్తడం, బంతి వస్తే గార్డుకి ఇచ్చేయడం. ఇక్కడ మొదటి ట్రైనింగ్‌లో నాలుగుసార్లు కిక్ తప్పిందట, ఒకసారి తన గడ్డానికే తగిలిందట, అయినా వెనక నుంచి పాతికమంది "మళ్లీ కొట్టు" అని అరిచారట. "నాకు ఏదైనా రాకపోవడం చాలా రోజుల తర్వాత ఇదే మావయ్యా, బాగుంది" అన్నాడు. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు, రాసుకున్న కాగితం చేతిలోనే ఉంది.

తర్వాత తల దెబ్బ సంగతి చెప్పా, దాస్తే నేనే విమానం ఎక్కి వస్తా అన్నా. నవ్వాడు. రక్ ఎలా ఎగురుతున్నాడో వీడియో పంపమన్నా, పంపాడు. కోచ్‌గారూ, వాడు ఇంకా రెండు కాళ్ల మీద నుంచి ఎగురుతున్నాడు, రింగు కింద అలవాటు. పరుగు మీద వచ్చి ఒక కాలి మీద లేవాలి కదా, పరుగు మీద ఎగిరి బంతిని రింగులో వేసే మన లేఅప్ లాగా? వాడికి ఆ మాటే చెప్పా, కుడిచేతి లేఅప్ గుర్తు తెచ్చుకో, ఎడమ కాలు అన్నా. రాత్రి ఇంకో వీడియో వచ్చింది. కొంచెం నయం.

ఒప్పందం ఏంటంటే ఒక సీజన్ ఫుటీ, బాస్కెట్‌బాల్‌లో ట్రయల్స్ మానేసి స్నేహితులతో చిన్న లీగ్ మాత్రం ఆడతాడు. బావ మార్చి నెల పరీక్షలు చూసి చెప్తానన్నాడు, అంటే ఒప్పుకున్నట్టే. అక్కతో ఇంకా పూర్తిగా మాట్లాడలేదు, రేపు క్లబ్బుకి వెళ్లి ఆ కంకషన్ మనిషి పేరు అడిగొచ్చాక మాట్లాడమంది.

తెనాలి బ్రదర్, మౌత్‌గార్డ్ డెంటిస్ట్ దగ్గర కొలతలిచ్చి చేయించాలా, షాపులో దొరికేది చాలా? అక్క అడుగుతోంది.


తెనాలి_టు_టార్నీట్:

పళ్లకి క్లిప్పులు లేకపోతే మొదటి సీజన్‌కి షాపుది చాలన్నా, వేడినీళ్లలో ముంచి కొరికితే పంటి అచ్చు పడుతుంది. రెండు కొనమనండి, ఒకటి ఎలాగూ పారేస్తాడు. ఎక్కువ ఆడేలా ఉంటే అప్పుడు డెంటిస్ట్. అక్కగారికి నా నంబర్ మెసేజ్‌లో పంపుతున్నా, క్లబ్బుకి నేనూ వస్తా తోడుగా.


కబడ్డీ_మంగళగిరి:

అన్నా, సంక్రాంతికి వస్తాడా లేదా అది చెప్పలేదు మీరు.